‘ఫొటో తీసుకో, కాయితం మాత్రం ఇయ్య’

దేవరకొండ అవతల ఒక ఊళ్లో, ఒకప్పుడు ఊరి భూమి లెక్కలు రాసిన పట్వారీ ఇంట్లో, రేకు సందుగ ముందు కూర్చున్నాను. ఇంట్లో మిగిలింది పెద్దావిడ ఒక్కతే. సందుగలో ఎర్రగుడ్డలో కట్టిన దస్త్రాలు, మధ్యమధ్య ఎండి పొడైపోయిన వేపాకు. ముడి విప్పుతూనే ఆమె మాట తేల్చేసింది: "ఫొటో తీసుకో బిడ్డా, కాయితం మాత్రం ఇయ్య."

ఊరి చరిత్ర మీద ఆసక్తితో తిరిగే మాలాంటి వాళ్లకు ఈ మాట కొత్త కాదు. మొదట్లో చిన్నబుచ్చుకునేవాణ్ని. ఇప్పుడు అందులో న్యాయముందని అనిపిస్తున్నది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పాత కాగితం అంటే జ్ఞాపకం కాదు, భూమి. దాన్ని అడగడమంటే ఇంటివాళ్ల దృష్టిలో భూమిని అడగడమే. ఊరూరా పాత పత్రాలు సేకరించి భద్రపరచాలని మాట్లాడేవాళ్లు ఈ భయాన్ని చదువులేనితనంగా కొట్టిపారేస్తుంటారు. నిజానికి ఆ భయం కూడా చరిత్రలోంచి వచ్చిందే.

ఆ దస్త్రంలో పైనున్న రసీదు మీద 1355 ఫస్లీ అని ఉంది. నిజాం సర్కారు లెక్కలో ఏడాది అక్టోబరులో మొదలయ్యేది. ఫస్లీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుంది. అంటే 1945-46. తెలంగాణ సాయుధ పోరాట తొలి అమరుడు దొడ్డి కొమరయ్య కడవెండిలో తూటాకు బలైన 1946 జులై 4 కూడా ఆ ఫస్లీలోనే పడుతుంది. రసీదు పైన అచ్చు ఉర్దూలో ఉంటే, కింద నింపింది గొలుసుకట్టు తెలుగులో. అక్షరం అక్షరానికి తగులుకుని పోతుంది కాబట్టి చదవడానికి ఓపిక కావాలి. రూపాయలు హాలీ సిక్కాలో, అంటే నిజాం నాణెంలో, ఉన్నాయి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్ రూపాయలు, అంటే బ్రిటిష్ రూపాయలు, వచ్చేవి. ఈ రెండు లెక్కలు తెలియకపోతే సందుగ మొత్తం తిరగేసినా తేదీ దొరకదు, ధర అర్థం కాదు. ఉర్దూ, గొలుసుకట్టు రెండూ చదవగలిగే ముసలివాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. కాగితాలకు చెదలు పట్టడం కన్నా నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే.

దాని కింద ఒక సాదాబైనామా. రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న భూమి అమ్మకం. చెల్క రెండెకరాల ఇరవై గుంటలు. తూర్పున వాగు, పడమట కంచె, దక్షిణాన బండ్లబాట, ఉత్తరాన పటేల్ బాయి. కింద రెండు వేలిముద్రలు, ఒక సంతకం. నాలుగు హద్దులు రాసిన ఆ మూడు పంక్తుల్లో ఒక ఊరి పటమే ఉంది. ఆ వాగు ఇప్పుడు చదును చేసిన పత్తి చేను. కంచెలో పశువులు మేసే కాలం పోయింది. బండ్లబాట తారురోడ్డయింది. గెజిటీర్లలో దొరకని ఊరి నైసర్గిక స్వరూపం ఒక అమ్మకపు కాగితంలో దొరుకుతుంది. ఎందుకంటే రేపు తగువొస్తే హద్దు చూపించాలి, కాబట్టి రాసినవాడు జాగ్రత్తగా రాశాడు.

అయితే జాగ్రత్తగా రాసినంత మాత్రాన నిజం రాసినట్టు కాదు. ఊరి భూముల మీద ఏటా రాసే సాగు లెక్క, పహాణీనే చూడండి. అందులో పట్టాదారు కాలమ్ వేరు, సాగు చేసే అనుభవదారు కాలమ్ వేరు. ఈ రెండు కాలమ్‌ల మధ్య ఖాళీలోనే తెలంగాణ పల్లె చరిత్ర సగం ఉందంటాను. 1950 కౌల్దారీ చట్టం తర్వాత 1954-55లో తయారైన ఖాస్రా పహాణీ ఇవాళ్టికీ భూతగాదాల్లో మొదట వెతికే కాగితం. అనుభవదారు కాలమ్‌లో ఏదైనా కుటుంబం పేరుంటే దాన్ని నిలబెట్టుకోవడానికి తరాలు కోర్టుల చుట్టూ తిరిగాయి. పేరు లేని కుటుంబం ఏం చేసిందో పహాణీ చెప్పదు. కలం పట్వారీ చేతిలో ఉండేది.

అందుకే సాయుధ పోరాటంలో జనం దొరల గడీల మీద పడ్డప్పుడు అప్పు నోట్లు, దస్త్రాలు కుప్పపోసి కాల్చారు. తమను బంధించిన కాగితాన్ని కాల్చడం వాళ్లకు విముక్తి. కమ్యూనిస్టు పార్టీ లెక్క ప్రకారం సుమారు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచారు. ఆ పంపకం రెవెన్యూ పుస్తకాలకు ఎక్కలేదు. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత భూమి చాలాచోట్ల మళ్లీ చేతులు మారింది. కాబట్టి నల్లగొండ ఊళ్లలో 1946 నుంచి 1951 దాకా కాగితాలు దొరకలేదంటే పరిశోధకుడు విచారపడనక్కర్లేదు. ఆ లోటును కూడా ఒక పత్రంలాగే చదవాలి. ఎవరో ఏదో కారణంతో దాన్ని బూడిద చేశారు.

తర్వాతి కాలంలో కాగితాలు పోవడానికి ఇంత పెద్ద కారణాలు లేవు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసినప్పుడు కొన్ని దస్త్రాలు ఆఫీసుకు చేరాయి, కొన్ని ఇళ్లలోనే ఉండిపోయాయి. 2020 సెప్టెంబర్‌లో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థ రద్దయింది, రికార్డులు స్వాధీనం చేసుకున్నారు, అక్టోబర్ చివర్లో ఆన్‌లైన్ భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. 2025లో దాని స్థానంలో భూభారతి. రికార్డు ఇల్లు మారిన ప్రతిసారీ ఊళ్లో ఎవరో ఒకరి పేరు గల్లంతవుతుందని రైతు భయం. నేను మొదటిసారి ఫోను, ల్యాప్‌టాప్‌తో ఒక ఊరికి పోతే మర్నాటికల్లా రియల్ ఎస్టేట్ వాళ్ల మనిషొచ్చాడని ప్రచారమైంది. వారం దాకా ఎవరూ గుమ్మం ఎక్కనివ్వలేదు. తప్పు వాళ్లది కాదు. నేనెవరో, ఆ ఫొటోలు ఎక్కడికి పోతాయో చెప్పకుండానే కాయితాలు అడిగాను.

ఇంతా చేసి కాగితం ఊరిలో కొందరిదే. మిగతావాళ్ల చరిత్ర ఎక్కడుంది? కొంత బట్ట మీద ఉంది. పద్మశాలీలకు కూనపులివాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు పటం విప్పి కులపురాణం చెబుతారు. ఏ ఊళ్లు ఏ కుటుంబం వాటాకు వస్తాయో మిరాసీగా, అంటే వంశపారంపర్య హక్కుగా, పంచుకున్నారు. గోత్రాలు, వలసలు, ఇచ్చిన కట్నాలు వాళ్ల నోటి మీద ఉంటాయి. పటం పాతబడితే కొత్తది రాయించి పాతదాన్ని నీళ్లలో కలిపే ఆచారం కూడా ఉంది. భద్రపరచడమంటే దాచిపెట్టడమే అనుకునే మ్యూజియం బుద్ధికి ఇది మింగుడుపడదు. కథ బతికుంటే బట్ట పోయినా ఫర్వాలేదని వాళ్ల లెక్క. నాకు మాత్రం ఆ పాత పటాన్ని ఒక్కసారైనా ఫొటో తీసుంటే బాగుండుననే అనిపిస్తుంది.

ఇంకొంత మేస్త్రీ నోటుబుక్కులో ఉంది. పాలమూరు లేబర్ దేశంలో ఎక్కడెక్కడో డ్యాములు కట్టింది. ఎవరికెంత అడ్వాన్సు, ఎవరు మధ్యలో వెళ్లిపోయారు, అన్నీ గుంపు మేస్త్రీ చిన్న పుస్తకంలో ఉండేవి. ఆడవాళ్లు అక్కడ కూడా ఫలానావాడి భార్యగానే కనిపిస్తారు. బడి రిజిస్టర్ మరో వింత. సగం ఊరు జూన్ 1న పుట్టినట్టుంటుంది. పుట్టినరోజు తెలియని పిల్లవాడికి సారు రాసిన తేదీ అది. పక్కన "దీర్ఘకాలం గైరుహాజరు" అని ఉంటే తల్లిదండ్రులు బొంబాయి బస్సెక్కారేమో అడగాలి.

శ్రీశైలం జలాశయంలో మునిగిన కొల్లాపూర్, అలంపూర్ వైపు ఊళ్ల సంగతి మరీ విడ్డూరం. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్‌కు తెచ్చి నిలబెట్టారు. ఇళ్లను ఎవరూ తేలేదు. ఆ ఊళ్లకు చాలావరకు మిగిలింది నష్టపరిహారం కాగితాలే. ఇన్ని దూలాలు, ఇన్ని చెట్లు, ఒక బాయి అంటూ అధికారి వేసిన జాబితాలోంచి ఇల్లు మళ్లీ ఊహించుకోవాలి.

మరి ఏం చేయాలి? హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో మొఘల్ కాలం పత్రాల దాకా ఉన్నాయి. అక్కడికి ఇంకో లారీ కాగితాలు పంపడం పరిష్కారమని నేననుకోను. ఊరిది ఊళ్లోనే ఉండాలి. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. ఆ డబ్బులో కొంతతో మండల గ్రంథాలయంలో ఒక స్కానర్, గొలుసుకట్టు, ఉర్దూ చదవగల ఒక మనిషి ఉంటే చాలు. అసలు కాగితం అదే రోజు ఇంటికి వెళ్లిపోవాలి. 1934లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులను ఒకచోట చేర్చారు. అంతమంది గురించి అడగాలన్న పట్టుదల ఉంటే వివరాలు ఊళ్ల నుంచే వచ్చాయి. ఇవాళ ఫోన్ చేతిలో ఉండి కూడా మనం అడగడం లేదు.

ఒక చిక్కు మాత్రం తేలడం లేదు. ఆ దస్త్రంలోనే ఒక భగేలా కాగితం ఉంది. కొద్దిపాటి అప్పుకు ఒక మనిషి దొర దగ్గర పనికి ఒప్పుకున్నట్టు వేలిముద్ర. వాళ్ల మనవలు అదే ఊళ్లో ఉన్నారు. దాన్ని స్కాన్ చేసి అందరూ చూసేలా పెట్టొచ్చా? దోపిడీ సాక్ష్యం దాచడం తప్పు. అడగకుండా ఆ పేరు బయటపెట్టడం ఇంకా పెద్ద తప్పు. మనవలను అడిగే దాకా నేను దాన్ని ఫొటో కూడా తీయలేదు.

పొద్దుగూకే వేళ పెద్దావిడ నా పక్కకు వచ్చి, ఆ సాదాబైనామా ఏముందో చదవమన్నది. తూర్పు, పడమర, దక్షిణం. "ఉత్తరాన పటేల్ బాయి" అనగానే చెయ్యెత్తి ఆపింది.

"పటేల్ బాయి అని మా మామ రాసిండు గని, అది తవ్వింది వడ్డెరోళ్లు. మట్టి మీద కూలి ఇద్దరు అండ్లనే పోయిండ్రు. మేమంతా వడ్డెర బాయి అనేటోళ్లం."

ఫోన్‌లో ఆ ఫొటోకు పేరు పెడుతూ అప్పటికే "పటేల్ బాయి" అని కొట్టి ఉన్నాను. పక్కన "వడ్డెర బాయి, ఇద్దరు చనిపోయారు" అని కూడా చేర్చాను. తలెత్తి చూసేసరికి ఆమె కాగితాన్ని ఎర్రగుడ్డలో చుట్టేసి, సందుగకు తాళం వేస్తున్నది.