మిగిలిన అన్నానికి ఇరవై ఏళ్ల పేటెంటు

మా ఇంట్లో అన్నం పాడైపోవడమన్నది లేదు. రాత్రి మిగిలింది పొద్దున్నే పోపన్నం. నిమ్మకాయ పిండితే పులిహోర. అదీ ఇదీ కాకుండా మిగిలిందేదో రుబ్బి ఎండబెడితే వడియాలు. ఇన్ని ఆవిష్కరణలు చేసిన మా ఆవిడ పేరు మీద ఇంతవరకూ ఒక్క పేటెంటు లేదు. దేశం ఎందుకు వెనకబడిందో ఇంకా వేరే చెప్పాలా?

మందుల కంపెనీలను చూసి బుద్ధి తెచ్చుకోవాలి. కొత్త మందుకు పేటెంటు ఇరవై ఏళ్లు. గడువు తీరేలోగా అదే మందును ఇంకో లవణంగానో, ఇంకో స్ఫటిక రూపంలోనో చూపించి మరో పేటెంటు అడగాలి. దీన్ని వాళ్లు ఎవర్‌గ్రీనింగ్ అంటారు, మేం పోపు అంటాం. కీళ్లవాతానికి వాడే హ్యుమిరా అనే ఇంజక్షన్ చుట్టూ అమెరికాలో వందకు పైగా పేటెంట్లు పోగేశారు. అసలు పేటెంటు 2016లోనే తీరింది, చౌక రకాలు మాత్రం 2023కి గానీ అక్కడి మార్కెట్లోకి రాలేదు. పోపంటే అదీ!

మన పేటెంటు చట్టంలో మాత్రం సెక్షన్ 3(డి) అని ఓ పానకంలో పుడక ఉంది. పాత పదార్థానికి కొత్త రూపమిస్తే చాలదట, రోగం మీద మరింత బాగా పనిచేయాలట. బ్లడ్ క్యాన్సర్ మందు గ్లివెక్ కొత్త స్ఫటికం 30 శాతం ఎక్కువగా ఒంట్లోకి ఇంకుతుందని నోవార్టిస్ ఎంత మొత్తుకున్నా, జబ్బు ఎక్కువ తగ్గుతుందన్న రుజువేదని సుప్రీంకోర్టు కొట్టేసింది. 2013 ఏప్రిల్ 1న. ఆ తేదీ చూసి కంపెనీవాళ్లు మొదట నమ్మారో లేదో. నెలకు లక్ష దాటే మందు వేరే కంపెనీల దగ్గర పదివేల ప్రాంతంలో దొరికితే రోగికి దాని మీద గౌరవం ఉంటుందా?

అసలు పాపమంతా 1970 పేటెంటు చట్టానిది. తయారీ పద్ధతికే తప్ప మందుకు పేటెంటు లేదంది. అంటే అదే మందును వేరే పద్ధతిలో ఎవరైనా చేసుకోవచ్చన్నమాట. 2005 దాకా ఇదే అరాచకం. పేటెంటు లేకపోతే పరిశ్రమే పుట్టదని పండితులు చెబుతుంటే, బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసి వచ్చిన అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టేశారు. హైదరాబాద్ చుట్టూ బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీలు పుట్టగొడుగుల్లా లేచాయి. (అక్కడి చెరువుల గతి ఏమైందన్నది వేరే కథ.) సదరు పండితులు సెమినార్లకు వస్తే చార్మినార్ చూపించి పంపేయండి, పొరపాటున కూడా బాలానగర్ వైపు తీసుకెళ్లకండి.

ఇవన్నీ వివరించి, పులిహోరకు దరఖాస్తు పెడదామన్నాను మా ఆవిడతో.

"నిన్న అన్నంగా తిన్నప్పటికంటే ఇవాళ ఆకలి ఎక్కువేమైనా తీరిందా?" అంది.

"రంగు మారింది కదా" అన్నాను.

"రంగు సంగతి ఎవరడిగారు?" అంటూ కంచం తీసేసింది.