సవరణ: కాలువ నీటిమట్టం సెన్సార్ లెక్కలో తప్పు

వంశధార కాలువ కల్వర్టు కింద అల్ట్రాసోనిక్ సెన్సార్ (ధ్వని పంపి, అది నీటికి తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం లెక్కగట్టేది) బిగించి నీటిమట్టం కొలిచే పద్ధతి రాసినప్పుడు, ధ్వని వేగాన్ని సెకనుకు 343 మీటర్లని ప్రోగ్రాంలో స్థిరంగా పెట్టేశాం. అది 20 డిగ్రీల దగ్గర మాట. శ్రీకాకుళం మే ఎండలో గాలి 40 డిగ్రీలుంటే వేగం 355 దాటుతుంది. దాంతో సెన్సార్ నుంచి నీటికి ఉన్న 3 మీటర్ల దూరం 2.89గా చూపిస్తుంది. అంటే చుక్క నీరు పెరక్కుండానే మిట్టమధ్యాహ్నం కాలువ దాదాపు 11 సెంటీమీటర్లు పొంగినట్టు, రాత్రికి మళ్లీ తగ్గినట్టు గ్రాఫ్ వస్తుంది!

సరైన లెక్క: వేగం = 331.3 + 0.606 × గాలి ఉష్ణోగ్రత (సెల్సియస్‌లో). ఉష్ణోగ్రత కొలవడానికి డీఎస్18బీ20 అనే చిన్న సెన్సార్ చాలు. కానీ దాన్ని సర్క్యూట్ ఉన్న డబ్బా లోపల పెట్టొద్దు, లోపల వేడి బయటికన్నా బాగా ఎక్కువ. కల్వర్టు నీడలో, గాలి తగిలేలా వేలాడదీయండి.

సర్క్యూట్ బొమ్మలో రెసిస్టర్లు కూడా తారుమారయ్యాయి. అల్ట్రాసోనిక్ సెన్సార్ ఎకో పిన్ (సిగ్నల్ బయటికిచ్చే కాలు) నుంచి 1 కిలోఓమ్, అక్కడి నుంచి గ్రౌండుకి 2 కిలోఓమ్; ఆ రెండూ కలిసే చోటు నుంచి ఈఎస్‌పీ32కి (ప్రోగ్రాం నడిపే చిన్న కంప్యూటర్ బోర్డు) వైరు. అప్పుడే 5 వోల్టులు 3.3కి దిగుతాయి. తిరగేస్తే 1.67 వోల్టులే అంది, ఈఎస్‌పీ32 దాన్ని పల్స్‌గా గుర్తించదు. ఎప్పుడూ సున్నాయే వస్తోందన్నవాళ్లు ముందు ఇదే చూడండి.

రీడింగులు దూరానికి పంపే లోరా రేడియో ఫ్రీక్వెన్సీ 915 కాదు, 866 మెగాహెర్ట్జ్. మన దేశంలో ఈ రేడియోకి లైసెన్సు అక్కర్లేనిది 865–868 మధ్య.