తేదీ చెప్పని హామీకి చప్పట్లెందుకు?

పొద్దున మా బస్తీకి ఓ నాయకుడొచ్చాడు. రాత్రి వానకు నాలా పొంగి ఇళ్లలోకి మురుగునీళ్లొచ్చాయి, అందుకని పరామర్శ. ప్యాంటు పైకి మడిచి, కెమెరా వైపు తిరిగి "యుద్ధప్రాతిపదికన పనులు చేయిస్తాం, ఆదేశాలిచ్చేశాం" అన్నాడు. పక్కింటి తాత "ఎప్పటిలోగ అయితది బిడ్డా?" అని అడిగితే, భుజం మీద చెయ్యేసి "నేనున్నా కదా పెద్దాయనా" అని కారెక్కాడు. మనోళ్లు చప్పట్లు! నాకు ఒళ్లు మండిపోయింది.

2000 ఆగస్టులో హైదరాబాద్ మునిగింది. నాలాలు వెడల్పు చేయాలని కిర్లోస్కర్ కమిటీ 2003లోనే చెప్పింది. 2020 అక్టోబర్‌లో మళ్లీ మునిగాం. పార్టీలు మారాయి, మాట మాత్రం అదే.

వీళ్లెందుకు అబద్ధాలాడతారంటే, ఆడితే పోయేదేం లేదు కాబట్టి. నామినేషన్ అఫిడవిట్‌లో ఆస్తులు దాస్తే చట్టప్రకారం ఆరు నెలల వరకు జైలుశిక్ష పడొచ్చు. మన ముఖం మీద చెప్పిన హామీ తప్పితే ఏ శిక్షా లేదు. మేనిఫెస్టో హామీలు ఎన్నికల చట్టం చెప్పే అవినీతి చర్య కిందికి రావని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. ఇంకెవడికి భయం?

నిజంగా జరిగే పనికి కాగితం ఉంటుందండీ. పరిపాలనా అనుమతి జీవో, అంచనా వ్యయం, టెండరు, అగ్రిమెంటు, గడువు. "మంజూరైంది" అనగానే సంబరపడొద్దు, అనుమతి వేరు, నిధుల విడుదల వేరు. జీవో నంబరెంత అని అడగండి. అబద్ధమైతే వెంటనే గొంతు పెరుగుతుంది, గత పాలకుల మీదికి పోతాడు, లేదా మీరు ఏ పార్టీ అని ఎదురడుగుతాడు. మా దగ్గర అడిగిన కుర్రాణ్ని అలాగే నోరు మూయించారు.

అసలు నా కడుపుమంట 2020 నాటిది. వరద సాయం పదివేలు అన్నారు. మా అమ్మ మోకాళ్ల నొప్పులతో ఆధార్ జిరాక్స్ పట్టుకుని పొద్దుట్నుంచి క్యూలో నిలబడింది. గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ ఎన్నికలున్నాయని నవంబర్‌లో రాష్ట్ర ఎన్నికల సంఘం పంపిణీ ఆపింది. "పోలింగ్ అయిపోగానే మీ ఖాతాలో పడతాయమ్మా" అని మా గల్లీ లీడర్ ఇంటికొచ్చి మరీ చెప్పాడు. అమ్మ నమ్మింది, ఓటేసింది. ఆ డబ్బు పడలేదు. తడిసిన బియ్యం పారబోసి, పరుపు కొనుక్కోలేక ఆ చలికాలమంతా చాప మీదే పడుకుంది. గెలిచాక ఆ మనిషి మా ఫోన్ ఎత్తలేదు.

ఈసారి నేను ఊరుకోను. పొద్దున నాయకుడు ఇచ్చేశామన్న ఆదేశాల కాపీ కోసం పది రూపాయల ఫీజు కట్టి ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు వేస్తున్నా. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. బస్తీవాళ్లు ఎవరెవరు సంతకం పెడతారో సాయంత్రంలోగా చెప్పండి.