రెండో ఏప్రన్ కట్టుకున్న పేద యజమాని

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఇప్పుడు అందర్నీ హడలెత్తిస్తున్నది ఏ ఏడడుగుల ఆటగాడో కాదు, ఒక వంటింటి గుడ్డ. దాని పేరు సెకండ్ ఏప్రన్, అంటే రెండో ఏప్రన్. జట్టు జీతాల ఖర్చుకి లీగ్ గీసిన ఒక గీత అది, దాటితే బోలెడు ఆంక్షలు. ఆ పేరు నేను పెట్టలేదు బాబూ, 2023లో ఆటగాళ్ల సంఘంతో చేసుకున్న ఒప్పందంలో లీగ్ వాళ్లే పెట్టుకున్నారు. పొద్దున్నే ఆరింటికి లేచి, కాఫీ కూడా తాగకుండా మ్యాచ్ పెట్టుకుంటే, డంక్ గురించి రెండు ముక్కలు, ఏప్రన్ గురించి ఇరవై.

ఒక్కో జట్టు జీతాల మొత్తానికి క్యాప్ (పరిమితి) అనేది 1984-85లో 36 లక్షల డాలర్లతో మొదలైంది. 2025-26కి అది సుమారు 15.46 కోట్ల డాలర్లు. దాన్ని దాటొచ్చు. ఇంకొంచెం దాటితే లగ్జరీ ట్యాక్స్ (జట్టు లీగ్‌కి కట్టే జరిమానా లాంటిది), ఆపైన మొదటి ఏప్రన్, 20.78 కోట్లు దాటితే రెండోది. ఎందుకయ్యా ఇదంతా అంటే, జట్ల మధ్య సమతూకం కోసమట.

ఈ రెండో ఏప్రన్ కట్టుకున్న ఇంటి పరిస్థితి ఒక్కసారి చూడండి. ఆసామి వేల కోట్లకి అధిపతి. పప్పూ, వంకాయ కూరా (అంటే ఇద్దరు చిన్న ఆటగాళ్లని) కలిపి పక్కింటికిచ్చి బిర్యానీ (ఒక పెద్ద ఆటగాణ్ణి) తెచ్చుకుందామనుకుంటాడు. కుదరదు, రెండు చిన్న గిన్నెలు కలిపి ఒక పెద్ద గిన్నెకి మార్చుకోకూడదు. పోనీ ఒకటే ఇచ్చి, పైన కాస్త డబ్బు ముట్టజెబితే? డబ్బివ్వకూడదు. ఇచ్చినదానికన్నా తెచ్చుకునేది ఒక్క గరిటె ఎక్కువుండకూడదు. సరే, ఏడేళ్ల తర్వాత పెట్టబోయే ఆవకాయనైనా ఇప్పుడే బేరం పెడదామంటే, లీగ్ వాళ్లొచ్చి ఆ జాడీకి సీలేసి పోయారు. (నిజంగానే, ఏడేళ్ల తర్వాతి ఫస్ట్ రౌండ్ డ్రాఫ్ట్ పిక్‌ని, అంటే కొత్త ఆటగాణ్ణి ఎంచుకునే వంతుని, కదపనివ్వరు.) ఈలోగా పక్కింటాయన గుమ్మంలో నిలబడి ముసిముసిగా నవ్వుతుంటాడు. ఆయన అసలు పొయ్యే వెలిగించలేదు. వెలిగించనందుకు, ఈయన కట్టిన లగ్జరీ ట్యాక్స్‌లో ఆయనకి వాటా! అవతల జనం విస్తళ్లు వేసుకుని కూర్చున్నారు, వాళ్ల దగ్గర టికెట్ డబ్బులు ఎప్పుడో వసూలైపోయాయి.

బోస్టన్ సెల్టిక్స్ 2024లో ఛాంపియన్లు. 2025 మార్చిలో ఆ జట్టుకి 610 కోట్ల డాలర్ల బేరం కుదిరింది. జూన్‌లో తమ ఆటగాళ్లలో జ్రూ హాలిడేని పోర్ట్‌లాండ్ జట్టుకి, పోర్జింగిస్‌ని అట్లాంటాకి సాగనంపారు. ఏప్రన్ కిందికి దిగాలి కదా మరి. జట్టు ప్రధాన ఆటగాడు టేటమ్ గాయపడ్డాడు, ఆ సీజన్ ఎలాగూ పోయిందంటారా? గాయం మే నెలది, ఏప్రన్ లెక్కలు అంతకు ముందే నడుస్తున్నాయి. 610 కోట్లు పలికిన ఇంట్లో వంటవాళ్ల జీతాలు బరువయ్యాయి పాపం.

2019 నుంచి 2025 దాకా ఏడేళ్లలో ఏడు వేర్వేరు జట్లు గెలిచాయి, ఇంకేం కావాలి అంటారు లీగ్ అభిమానులు. బాగుంది, లెక్క కరెక్టే. కాకపోతే అందులో ఐదు ఈ రెండో ఏప్రన్ అమల్లోకి రాకముందు వచ్చినవి. పుట్టని పిల్లాడికి ఐదు ఫస్ట్ ర్యాంకులు రాసేశారు.

కోట్లు తీసుకునే ఆటగాళ్ల మీద నీకెందుకు జాలి అని అడక్కండి. వాళ్లమీద నాకు జాలి లేదు. జీతానికి మూత పెట్టినవాడు జట్టు అమ్మకం ధరకి ఎందుకు పెట్టలేదు? టికెట్ రేటుకి?

ఓక్లహోమా సిటీ జట్టు యజమానుల మాటెత్తితే మాత్రం నాకు నవ్వు రాదు. 2008లో సియాటెల్ నుంచి జట్టుని లాక్కొచ్చారు, ఆ ఊరివాళ్ల నలభై ఏళ్ల అభిమానాన్ని చెత్తబుట్టలో పడేసి. 2012లో ఫైనల్ ఆడారు. అదే అక్టోబర్‌లో, లగ్జరీ ట్యాక్స్ భయంతో బేరం తెగక, 23 ఏళ్ల జేమ్స్ హార్డెన్‌ని హ్యూస్టన్‌కి పంపేశారు. అతను 2018లో లీగ్‌లోనే మేటి ఆటగాడయ్యాడు. చిన్న ఊరు, డబ్బుల్లేవు, మా పరిస్థితి అర్థం చేసుకోండి అన్నట్టు మొహాలు పెట్టారు. అర్థం చేసుకున్నాం. మరి 2023 డిసెంబర్‌లో కనీసం 90 కోట్ల డాలర్ల కొత్త అరీనా (ఇండోర్ స్టేడియం) కావాలన్నప్పుడు ఈ పేద యజమాని జేబులోంచి ఎంత తీశాడు? 5 కోట్లు. మిగతాదాంట్లో సింహభాగం ఊరి సేల్స్ ట్యాక్స్, వందకి ఒక డాలర్, ఆరేళ్లపాటు. సిగ్గు లేదా? ఆటగాడికివ్వడానికి చేతులు రాని మనిషి, సబ్బు కొనుక్కునేవాడి దగ్గర చిల్లర ఏరుకుంటాడా! దీనికి ఏ ఏప్రన్ లేదు, ఏ సీలూ లేదు.

రేపు ఆ అరీనా తలుపు తెరిచాక, లోపలికెళ్లాలంటే ఆ సబ్బు కొన్నవాడు మళ్లీ టికెట్ కొనాలి.