తలకి 880 ఎకరాలు

మొన్న ఆదివారం ప్రొద్దుటూరులో మా పెద్దమ్మ మనవడి అన్నప్రాసన. భోజనాలయ్యాక మగవాళ్లంతా వేపచెట్టు కింద కుర్చీలేసుకుని ఫోన్లు తీశారు. మా చిన్న మామ ఏదో రీల్ చూస్తున్నాడు. అమెజాన్ అడవి మీద హెలికాప్టర్‌లోంచి తీసింది. చెట్ల మధ్య గుండ్రంగా ఒకే ఒక్క పెద్ద ఇల్లు, నడిమధ్య వాకిలి, అందులో నిలబడి తల పైకెత్తి చూస్తున్న మనుషులు. కింద ఎవరో రాశారు: బ్రెజిల్‌లో యానోమామి తెగవాళ్లు 27 వేల మంది, వాళ్ల భూమి 96 లక్షల హెక్టార్లు.

మామ వెంచర్లు వేస్తాడు. హెక్టారు అన్న మాట కనబడితే ఆయన వేలు దానంతటదే క్యాలిక్యులేటర్ మీదికి పోతుంది.

"తలకి 880 ఎకరాలు అల్లుడా! ఉయ్యాల్లో బిడ్డతో సహా. ఏం చేసుకుంటారు వాళ్లు అంత భూమి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బస్సెక్కాక ఆ నవ్వే నాకు అరగలేదు. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా. పోస్టు పెద్దది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

ముందు ఒక మాట. మామ లెక్క తప్పు కాదు. రెండుసార్లు వేసి చూశా, 880 దగ్గరే తేలింది. తెలంగాణలోంచి పాత ఆదిలాబాద్ జిల్లా తీసేస్తే ఎంత మిగులుతుందో దాదాపు అంత నేల. జనం చూస్తే యానోమామిలూ, వాళ్లతోపాటు అక్కడే ఉండే యెకువానా అనే ఇంకో తెగవాళ్లూ కలిపి 2022 జనాభా లెక్కల్లో 27 వేల పైచిలుకు. బ్రెజిల్‌లో ఈ లెక్క మామ కంటే ముందే వేశారు. "కొద్దిమంది ఇండియన్లకి (అంటే అక్కడి ఆదివాసీలకి) బోలెడంత భూమి" అనేది అక్కడ పాత పాట. పెద్ద పెద్ద పశువుల ఫారాలవాళ్లు, సోయా రైతులు, వాళ్ల ఓట్లు కావలసిన నాయకులు దశాబ్దాలుగా పాడుతున్నారు. 2019 నుంచి 2022 దాకా అధ్యక్షుడిగా ఉన్న బొల్సొనారో అయితే ఆదివాసీలకి ఇక ఒక్క సెంటీమీటరు కూడా ఇచ్చేది లేదన్నాడు, నాలుగేళ్లూ ఆ మాట మీదే నిలబడ్డాడు.

మరి ఆ 96 లక్షల హెక్టార్లు ఎవరో దానం చేసినట్టు మాట్లాడతారేం? 1980ల చివర్లో ఆ అడవిలోకి దాదాపు 40 వేల మంది బంగారం తవ్వేవాళ్లు చొరబడ్డారు. వాళ్లతోపాటు మలేరియా, ఫ్లూ, తుపాకులు వచ్చాయి. అప్పటి ప్రభుత్వం చేసిన పరిష్కారం వింటే మామకి నచ్చుతుంది. యానోమామిల నేలని 19 ముక్కలుగా కోసి, ముక్కకీ ముక్కకీ మధ్య అడవిని మిగతావాళ్లకి వదిలేద్దామనుకున్నారు. అచ్చం లేఅవుటే. దానిమీద దేశదేశాల్లో గొడవ జరిగింది. దావి కోపెనావా అనే యానోమామి పెద్ద ఊళ్లూ దేశాలూ తిరిగి చెప్పాడు. క్లౌడియా అండుహార్ అనే ఫొటోగ్రాఫర్ తన కెమెరా పక్కనపెట్టి మరీ ఏళ్ల తరబడి కొట్లాడింది. 1992లో ముక్కలు చెయ్యకుండా మొత్తం ఒకటిగా గుర్తించారు. ఆ మరుసటేడే, 1993లో, హషిము అనే చోట 16 మంది యానోమామిల్ని బంగారం తవ్వేవాళ్లు చంపేశారు. చచ్చిపోయినవాళ్లలో పసిపిల్లలున్నారు. బ్రెజిల్ కోర్టు దాన్ని జాతి నిర్మూలన నేరం కిందే లెక్కగట్టింది. పట్టా వచ్చిన ఏడాదికి ఆ నేల మీద వాళ్లకి దొరికిన భద్రత అది.

ఇక "ఏం చేసుకుంటారు" అనే ప్రశ్న. నిజంగా తెలుసుకోవాలని అడిగితే జవాబుంది. అమెజాన్ నేల మనం అనుకునేంత సారవంతం కాదు. సారమంతా చెట్లల్లో, రాలిన ఆకుల్లో ఉంటుంది. చెట్లు కొట్టి తగలబెట్టి అరటి, కర్రపెండలం వేస్తే రెండు మూడేళ్లు పండుతుంది, తర్వాత చప్పబడిపోతుంది. పోడు గురించి తెలిసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. తోట ఇంకోచోటికి జరుగుతుంది, కొన్నేళ్లకి ఇల్లూ జరుగుతుంది. విడిచిపెట్టిన పాత తోటల్లో తాటిజాతి చెట్లు కాస్తూనే ఉంటాయి, దారినపోతూ కోసుకుంటారు. ఏడాదిలో కొన్ని వారాలు ఊరు ఊరంతా ఇల్లు వదిలి అడవిలో నడుచుకుంటూ, దొరికింది తింటూ తిరుగుతారు. దానికి వాళ్ల భాషలో పేరే ఉంది, వాయుమి. పంది కోసం, పక్షి కోసం వేటగాడు పొద్దున పోయి రాత్రికి వస్తాడు. తను కొట్టిన జంతువు మాంసం తను తినడు. వేరేవాళ్లకి పంచాలి, వేరేవాడు కొట్టింది తను తినాలి. నాకు ఇదే ముచ్చటేసింది. వేటలో ఎంత మొనగాడైనా పక్కవాడు పెడితేనే నోట్లోకి మాంసం ముద్ద. ఆ మనుషులకి తలకింతని గీతలు కొట్టి చూపిస్తే ఏం అర్థమవుతుంది?

పైగా ఆ 880 ఎకరాల్లో ఒక్క సెంటు అమ్మడానికి లేదు. బ్రెజిల్ 1988 రాజ్యాంగం ప్రకారం ఆదివాసీ భూములు కేంద్ర ప్రభుత్వ ఆస్తి. శాశ్వతంగా ఉండే హక్కు, నేలనీ నదుల్నీ వాడుకునే హక్కు మాత్రం తెగవాళ్లవి. అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు. భూమి కింద బంగారం ఉంటే అదీ వాళ్లది కాదు. ఏజెన్సీ భూములు గిరిజనేతరులు కొనకూడదనే 1/70 చట్టం మనకి తెలుసు కాబట్టి ఇది కొత్తగా ఉండకూడదు. కానీ మామలాంటివాళ్లకి అమ్మకానికి రాని భూమి అసలు భూమి కిందికే రాదు.

సరే, తలలెక్కే కావాలా? వేద్దాం. బ్రెజిల్‌లో 2017 వ్యవసాయ గణన ఉంది. వెయ్యి హెక్టార్లు దాటిన ఫారాలు 51 వేల చిల్లర, అంటే మొత్తం ఫారాల్లో నూటికి ఒకటి. దేశంలోని సాగు, మేత భూమిలో దాదాపు సగం, 47 శాతం పైన, వాటి కిందే ఉంది. సగటున ఫారానికి 8 వేల ఎకరాలు. ఈ లెక్క చూసి "ఒక్కొక్కడికి అంత భూమా, ఏం చేసుకుంటారు" అని నవ్విన వేపచెట్టు నేనింతవరకు చూడలేదు. ఆదివాసీలు దేశ జనాభాలో నూటికి ఒక్కరు కూడా లేరు, 14 శాతం భూమి ఎందుకు అంటారు. ఆ 14 శాతమూ ఇంకా పచ్చగా ఉంది. 1990 నుంచి మూడు దశాబ్దాల్లో ఆదివాసీ భూముల్లో పోయిన అడవి నూటికి ఒక వంతు, ప్రైవేటు భూముల్లో పోయింది 20 వంతులు. ఉపగ్రహ చిత్రాల్లో సరిహద్దు గీత విడిగా కనబడుతుంది. ఇటు ఆకుపచ్చ, అటు బోడి.

తలకి తక్కువ భూమి ఇస్తే ఏమవుతుందో చూడాలంటే అమెజాన్ దాటి దక్షిణానికి పోవాలి. మాటో గ్రోసో దో సుల్ రాష్ట్రంలో డౌరాడోస్ అనే ఆదివాసీ రిజర్వు ఉంది. 1917లో పెట్టారు. చుట్టుపక్కల అడవి రైతులకి కావలసొచ్చి, గ్వారానీ-కైయోవా కుటుంబాల్ని తోలుకొచ్చి అక్కడ కుదేశారు. 3,500 హెక్టార్లలో ఇప్పుడు 13 వేల మందికి పైగా. తలకి 66 సెంట్లు. మామ లెక్క ప్రకారం ఇది భేషైన వినియోగం. అక్కడి కుర్రాళ్లు ఉరేసుకుంటున్నారని ఎన్నో ఏళ్లుగా వార్తలు వస్తూనే ఉన్నాయి. పోయిన నేల తిరిగి అడిగితే, రాజ్యాంగం వచ్చిన రోజున, 1988 అక్టోబరు 5న, మీరు అక్కడ ఉన్నారా అని అడిగే వాదం ఒకటి బయల్దేరింది. తరిమేసినవాడే వచ్చి, ఆ రోజు నువ్వు ఇంట్లో లేవు కదా అంటున్నాడు. సుప్రీంకోర్టు 2023లో ఆ వాదాన్ని 9-2తో కొట్టేసింది. ఆ ఏడాదే పార్లమెంటు దాన్ని చట్టం చేసి కూర్చుంది.

ఇప్పుడు మామని మూర్ఛపోయేలా చేసే లెక్క చెప్తా. రొండోనియా రాష్ట్రంలో ఒకే ఒక్క మనిషికి 20 వేల ఎకరాలు ఉండేవి. తనారు అనే ఆదివాసీ భూమి, 8,070 హెక్టార్లు. అతని పేరేమిటో ఎవరికీ తెలియదు. ఏ భాష మాట్లాడేవాడో తెలియదు. పశువుల ఫారాల కోసం వచ్చినవాళ్ల దాడుల్లో అతని జనమంతా పోయారు, అతనొక్కడే మిగిలాడు. 1996 నుంచి ప్రభుత్వ మనుషులు దూరంనుంచి కనిపెట్టుకుని ఉన్నారు, అతను వాళ్లని దగ్గరికి రానివ్వలేదు. అడవిలో గొడ్డళ్లు, విత్తనాలు పెట్టి వచ్చేవాళ్లు. అతను కట్టుకున్న ప్రతి గుడిసెలోనూ లోతుగా ఒక గొయ్యి తవ్వేవాడు. ఎందుకో ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టలేదు. లోకం అతనికి గోతి మనిషి అని పేరు పెట్టింది. 2018లో బయటికొచ్చిన చిన్న వీడియోలో ఒంటరిగా చెట్టు నరుకుతూ కనబడతాడు. 2022 ఆగస్టులో తన ఉయ్యాలమంచంలో చనిపోయి ఉన్నాడు. ఒంటి మీదా చుట్టూ మకావ్ చిలకల రంగురంగుల ఈకలు. చావు వస్తోందని తెలిసి తనే సర్దుకుని పడుకున్నాడని చూసినవాళ్లు అనుకున్నారు. శవయాత్రకి మనిషి లేడని తెలిసినవాడు ఇంకేం చేస్తాడు? ఆ తర్వాత పక్క ఫారాలవాళ్లు ఆ భూమి మాకివ్వండని బయల్దేరారు. వారసులు లేరు కదా! ఎందుకు లేరో అడిగేవాడు లేడు.

మళ్లీ యానోమామిల దగ్గరికొస్తా, ఎందుకంటే ప్రొద్దుటూరులో కూర్చుని నవ్వే హక్కు మనకి బొత్తిగా లేదు. 2019లో బీబీసీ బ్రెజిల్ విభాగం ఒక వార్త వేసింది. యానోమామి భూమి ఉన్న రొరైమా రాష్ట్రం నుంచి కొన్ని నెలల్లో 194 కిలోల బంగారం ఇండియాకి ఎగుమతైంది. ఆ రాష్ట్రంలో చట్టప్రకారం నడిచే బంగారు గని ఒక్కటీ లేదు. 194 కిలోలంటే 19,400 తులాలు. ఎన్ని పెళ్లిళ్ల నగలో మా ఊళ్లో ఎవరైనా చెప్పగలరు. అది ఎవరి మెడలోకి చేరిందో నేను చెప్పలేను. కరిగాక బంగారానికి పుట్టిల్లు ఉండదు. ఆ ఏడాది మా ఇంట్లోనూ రెండు గాజులు చేయించాం.

మా ఊళ్లో బంగారం కొట్ల ముందు మురిక్కాలవ మట్టి తెచ్చి కడిగేవాళ్లని చిన్నప్పుడు గంటలు గంటలు చూసేవాణ్ణి. చిప్పలో మట్టి తిప్పి తిప్పి, చివర్న రవ్వంత పాదరసం వేస్తే పసిడి రజనంతా దాన్ని పట్టుకుంటుంది. ఆ ముద్దని కాలిస్తే పాదరసం పొగై పోయి బంగారం మిగులుతుంది. యానోమామిల నేలలో పారే యురారిక్వెరా నది ఒడ్డున జరిగేదీ అదే. కాకపోతే అక్కడ పంపులతో ఒడ్డుని ఒడ్డే కోసేస్తారు, పాదరసం కిలోల లెక్కన నదిలోకి పోతుంది. నదిలోంచి చేపలోకి, చేపలోంచి కడుపుతో ఉన్న తల్లిలోకి. తవ్వి వదిలేసిన గోతుల్లో నీళ్లు నిలిచి దోమలు, దోమల వల్ల మలేరియా, మలేరియాతో మంచానపడ్డవాడికి తోటా లేదు వేటా లేదు. 2022 నాటికి అక్కడ 20 వేల మంది అక్రమంగా తవ్వుతున్నారని అంచనా. 2023 జనవరిలో బొల్సొనారో తర్వాత అధ్యక్షుడైన లూలా ప్రభుత్వం ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించినప్పుడు ఎముకల గూళ్లలాంటి పిల్లల ఫొటోలు వచ్చాయి. నయం చేయగలిగిన జబ్బులతో ఆ నాలుగేళ్లలో పోయిన ఐదేళ్లలోపు పిల్లలు 570 మంది అని ప్రభుత్వమే చెప్పింది. తలకి 880 ఎకరాలున్న పిల్లలు తిండిలేక పోయారు. ఈ ఒక్క వాక్యం ఆ రోజు నాకు నోటికి రాలేదు.

2019లోనే మన నల్లమలలో యురేనియం గొడవ జరిగినప్పుడు "ఆ చెంచులు ఎంతమంది, ఆ అడవెంత" అన్న మాట ఇదే మా బంధువుల నోట విన్నాను. అప్పుడూ నవ్వారు. అప్పుడూ నేను ఏమీ అనలేదు.

ఇదంతా నిన్న రాత్రి మామకి వాట్సాప్‌లో పెట్టాను, లెక్కలతో సహా. నీలం టిక్కులు వెంటనే పడ్డాయి. గంటసేపు చప్పుడు లేదు. తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది:

"అంతా విన్యా అల్లుడా, బాధగానే ఉంది. అది సరేగానీ, ఆ 8 వేల ఎకరాల ఫారాలోళ్లు ఉన్నారన్యావే, వాళ్లల్లో ఎవరన్నా చిన్న బిట్టు అమ్ముతా ఉండారేమో కనుక్కో."