పది డిగ్రీలు పెరిగితే సగం ఆయుష్షు

లక్ష గంటలు నడిచిన బాయిలర్లలో 400 డిగ్రీలు, అంతకు మించిన వేడిలో పనిచేసే భాగాలకు ఇంకెంత ఆయుష్షు ఉందో పరీక్షించి తేల్చాలని మన బాయిలర్ నిబంధనలు చెబుతున్నాయి. లక్ష గంటలంటే ఆగకుండా నడిస్తే సుమారు 11.4 ఏళ్లు. 1979లో మొదలైన విజయవాడ, 1983లో మొదలైన రామగుండం థర్మల్ విద్యుత్ కేంద్రాల పాత యూనిట్లు ఆ గీతను ఎప్పుడో దాటాయి. పరీక్షల తర్వాత నివేదికలో ‘ఇంకా ఇన్ని గంటలు’ అని ఒక అంకె వేస్తారు. ఆ అంకె ఎలా వచ్చిందన్నదే మా ఆందోళన.

వేడిలో ఒత్తిడిని మోసే ఉక్కు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా సాగుతుంది. ఇదే క్రీప్. అది ఎప్పటికి తెగుతుందో లెక్కించడానికి 1952 నాటి లార్సన్-మిల్లర్ సూత్రం వాడతారు. గంటల లాగరిథమ్‌కు ఒక స్థిరాంకం కలిపి, కెల్విన్‌లలోని ఉష్ణోగ్రతతో (సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే వచ్చేది) గుణిస్తే వచ్చే విలువ ఒకే ఒత్తిడి దగ్గర మారదు. స్థిరాంకం 20 అనుకుంటే, 540 డిగ్రీల దగ్గర లక్ష గంటలు నిలిచే గొట్టం 550 దగ్గర 50 వేల గంటలే నిలుస్తుంది. 560 దగ్గరైతే పాతిక వేలే.

ఆ పది డిగ్రీలు కంట్రోల్ రూమ్‌లో కనిపించవు. అక్కడ తెలిసేది ఆవిరి వేడి. ఆవిరిని మరింత కాగబెట్టే సూపర్‌హీటర్ ట్యూబ్ లోహం అంతకంటే వేడిగా ఉంటుంది, లోపలి గోడకు పట్టిన ఆక్సైడ్ పొర దాన్ని ఇంకా కాగబెడుతుంది. ఆ పొర మందం అల్ట్రాసోనిక్‌తో కొలవకుండా డిజైన్ ఉష్ణోగ్రతనే లెక్కలో వేస్తే అంకె పెద్దదే వస్తుంది, ట్యూబ్ అంతకాలం ఆగదు.

సుమారు 9 శాతం క్రోమియం ఉండే పీ91 ఉక్కు దగ్గర చిక్కు మరింత లోతు. 650 డిగ్రీల దగ్గర 3 వేల గంటలకు తెగిన నమూనా నుంచి 600 డిగ్రీల ఆయుష్షు లెక్కగడితే, ఎంచుకున్న స్థిరాంకం 20 అయితే 66 వేల గంటలు, 30 అయితే 2.48 లక్షలు వస్తాయి. నమూనా ఒక్కటే, తేడా దాదాపు నాలుగింతలు! ఈ ఉక్కుకు బలమిచ్చే సన్నని కార్బోనైట్రైడ్ రేణువులను ఏళ్లు గడిచాక పుట్టే జెడ్ ఫేజ్ అనే మరో రకం రేణువులు తినేస్తాయి. కొద్ది వేల గంటల పరీక్షలో ఈ క్షీణత బయటపడదు. పరీక్షించిన కాలానికి మూడు రెట్లు దాటి అంచనా వేయొద్దని ఐరోపా నిపుణులు చెప్పేది అందుకే. జపాన్ పరిశోధకులు ఒక కార్బన్ ఉక్కు నమూనాను 1969 నుంచి 2011 దాకా బరువు మీదే ఉంచారు. ఆ ఓపికకు దగ్గరదారి లేదు.

పగుళ్లు తరచూ మొదలయ్యేది వెల్డ్ పక్కన, వేడి తగిలిన సన్న రేణువుల పట్టీలో. అక్కడ గొట్టం లోహానికి వేసిన ఆయుష్షు పట్టిక చెల్లదు. పాత 2.25 శాతం క్రోమియం గొట్టాలకు రెప్లికా, అంటే లోహం ఉపరితలపు అచ్చు, తీస్తారు. పై పొర గ్రైండ్ చేసి, అద్దంలా పాలిష్ పెట్టి, నైటాల్ అనే ఆమ్ల ద్రావణంతో ఎచ్ చేసి, అసిటోన్‌తో మెత్తబడిన ఫిల్మ్ అద్ది, ఆరాక ఒలిచి మైక్రోస్కోప్ కింద చూస్తారు. క్రీప్ వల్ల పుట్టిన సూక్ష్మమైన గుంటలు విడివిడిగా ఉంటే గడువు పెట్టి మళ్లీ చూడొచ్చు. వరస కట్టి ఉంటే గడువు కుదించాలి. పీ91లో గుంటలు గోడ లోపలే మొదలవుతాయి కాబట్టి రెప్లికా శుభ్రంగా ఉన్నా నమ్మడానికి లేదు. గోడ లోపలికి ధ్వని తరంగాలు పంపి చూసే ఫేజ్డ్ అరే అల్ట్రాసోనిక్ పరీక్ష చేయాల్సిందే. ఈ ఉక్కు కాఠిన్యం బ్రినెల్ కొలమానంలో 190కి దిగువన ఉంటే హీట్ ట్రీట్‌మెంట్‌నే అనుమానించాలి.

బొగ్గు యూనిట్లు 55 శాతం లోడుకు, దశలవారీగా 40కి దిగగలగాలని 2023 కేంద్ర నిబంధనలు కోరుతున్నాయి. రోజూ దిగి ఎక్కుతుంటే ట్యూబులన్నీ కలిసే మందపాటి హెడర్లలో క్రీప్‌కు ఫెటీగ్, అంటే ఒత్తిడి పదేపదే మారడం వల్ల లోహానికి వచ్చే అలసట, తోడవుతుంది. అందుకని ప్రతి నివేదికలో వాడిన స్థిరాంకం, ఆధారమైన పరీక్షల్లో అత్యధిక గంటలు, తీసుకున్నది పరీక్షా ఫలితాల సగటు రేఖా కనిష్ఠ రేఖా అన్నది, లోహం ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎన్ని గంటలు గడిపిందో చూపే పట్టిక ఉండాలి. ఇవి లేని నివేదికను బాయిలర్ తనిఖీ అధికారులు తిప్పి పంపాలి.