అండర్‌స్కోర్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ అండర్‌స్కోర్ (_) గారికి,

విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. షిఫ్ట్ నొక్కితే తప్ప తమరు దర్శనమివ్వరు. ఆ మాత్రం దర్జా ఉండాలి లెండి.

1997లో వేన్ రాస్‌బాండ్ గారు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో బొమ్మల్ని కొలిచి లెక్కించే ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్ తయారుచేసి లోకానికి ఉచితంగా వదిలారు. సోర్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు, కొత్త పని నేర్పే చిన్న ప్రోగ్రాం, అంటే ప్లగిన్, రాసి తగిలించుకోవచ్చు. తలుపులు బార్లా తీసే ఉన్నాయి. గుమ్మంలో మాత్రం తమరు కూర్చున్నారు.

మా దగ్గర నేర్చుకునే గాజువాక కుర్రాడు భీమిలి వైపు హేచరీల కోసం ఒక ప్లగిన్ రాశాడు. తెల్ల బేసిన్‌లో రొయ్య సీడ్‌ని ఫోటో తీసి ఇస్తే చాలు. దాన్ని 8-బిట్ గ్రేకి, అంటే రంగుల్లేని బూడిద ఛాయలకి మార్చి, ఏది రొయ్యో ఏది బేసినో తేల్చే థ్రెషోల్డ్ అనే హద్దు పెట్టి, అంటుకున్న పిల్లల్ని వాటర్‌షెడ్ అనే పద్ధతితో విడదీసి లెక్క చెబుతుంది. పేరు సీడ్‌కౌంటర్. జావా క్లాసు పేర్లలో తమరికి చోటివ్వకూడదని కాలేజీలో నేర్పారు మరి!

కంపైల్ అయింది. అలా తయారైన క్లాస్ ఫైల్‌ని ప్లగిన్స్ ఫోల్డర్‌లో పెట్టి ఇమేజ్‌జే తెరిచాడు. మెనూలో లేదు. ఎర్రక్షరాలూ లేవు, చిన్న బీప్ కూడా లేదు. జావాను అనుమానించాడు, విండోస్‌ను తిట్టాడు. చివరికి వాళ్లమ్మ పోరు పడలేక ఆసీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి దగ్గర కొత్త బండ్ల వరసలో ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడ్డాడు. స్పేస్‌బార్ మీద పసుపు ఇంకా పోలేదు.

సీడ్‌కి, కౌంటర్‌కి మధ్య తమరిని కూర్చోబెట్టగానే ప్లగిన్ మెనూలో ప్రత్యక్షం. తీరా చూస్తే అక్కడ తమరు లేరు! ఇమేజ్‌జే తమరిని తీసేసి ఖాళీ వదులుతుంది. సంతకం లేనిదే ఫైలు కదలదని, ఆ సంతకం ఎవరికీ కనబడకూడదని అనే ఆఫీసరుని ఇప్పుడే చూస్తున్నాం. క్లాసులన్నీ మూటగట్టిన జార్ ఫైలు పేరులోనూ తమరికి వాటా కావాలట.

ప్లగిన్‌లోనే ఉండే సెటప్ అనే ఫంక్షన్ ఎంత మర్యాదస్తురాలో చూడండి. 8-బిట్ బొమ్మలే తీసుకుంటానని అందులో రాసి, రంగుల బొమ్మ ఇస్తే, ఏ రకం కావాలో వెంటనే బాక్స్ వేసి చెబుతుంది. తమరు మాత్రం నోరు విప్పరు. ప్లగిన్ పేరులో తమరు ఉండి తీరాలన్న నిబంధన డాక్యుమెంటేషన్‌లో ఉందంటారు. ఉంది, కాదనను. అది చదివేది అన్నీ తిరగబడ్డాకే కదా.

నొచ్చుకోనంటే ఇంకో మాట. తర్వాతి తరం ఇమేజ్‌జే2లో క్లాసు మీద ప్లగిన్ అని ఒక యానొటేషన్, అంటే గుర్తింపు చీటీ, రాస్తే చాలు, మెనూలో ఎక్కడ కనబడాలో కూడా అక్కడే చెప్పొచ్చు. తమరి ఊసే లేదు. పాత ఇమేజ్‌జేలో పెత్తనం ఇంకా నడుస్తోంది కాబట్టి అడుగుతున్నాను: ఏదైనా ఫైలుని పక్కన పెట్టినప్పుడు, పెట్టానని లాగ్ విండోలో ఒక్క ముక్క వేయించండి.

కోడ్ తెరిచే ఉంది, మీరే రాసుకోండి అంటారేమో. గాజువాక కుర్రాడు ఆ పని మీదే ఉన్నాడు. మెనూలను తయారుచేసే ఫైలు పేరులో తమరు లేరని కూడా కనిపెట్టాడు.

ఇట్లు,
ప్లగిన్ పాఠాలు చెప్పుకుని బతికే తమ విధేయుడు